ఊరంతా వదిన చెయ్యి

విద్యాధర్ కుడిచెయ్యి ఆ ఉదయం విద్యాధర్ మాట వినడం మానేసింది.

బాణలిలో బొంబాయి రవ్వ వేగుతోంది. ఇంక చాలు, మాడుతుందని అతనికి అనిపించింది. చెయ్యి మాత్రం గరిటెను వదల్లేదు. అడుగు నుంచి పైకి, అంచు నుంచి నడుమకి, తొందర లేకుండా తిప్పుతూనే ఉంది. సరే, ఇంకాసేపు వేగాలి కాబోలని అతను మనసు కుదుటపరచుకునేసరికి అదే చెయ్యి చటుక్కున ఆగి, బాణలి దించి పక్కన పెట్టేసింది.

“ఇప్పుడెందుకు దించాను?” అన్నాడు.

“మీరు దించలేదండీ. మీ వదినగారు దించారు,” అంది డాక్టర్ కెజియా. ఆమె వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, ఒళ్లో టాబ్లెట్ పెట్టుకుని కూర్చుంది.

వదినగారు నీలవేణి ఆ సమయానికి పై అంతస్తులో తన ఇంట్లో మొక్కలకి నీళ్లు పోసుకుంటోంది. విద్యాధర్ తన చేతివైపు చూసుకున్నాడు. మోచేతి దాకా పల్చటి తొడుగు, ఉల్లిపొర రంగులో, చర్మానికి అతుక్కుపోయి ఉంది. చూస్తుంటే తన చెయ్యే. కదులుతుంటే కాదు.

“ఎలా ఉంది చెప్పండి,” అంది కెజియా. “ఏమనిపిస్తే అది.”

“గందరగోళంగా ఉంది. నొప్పేం లేదు. ఎవరో చెయ్యి పట్టుకుని సందులోంచి తీసుకెళ్తున్నట్టుంది. దారి వాళ్లకి తెలుసు, నాకు తెలీదు.”

ఆ తొడుగు గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. దానికి ల్యాబ్‌లో పెట్టిన పేరు హస్తవాసి. ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదని అంటాం కదా, అందులోంచి తీసుకున్నారు. పైకి ఒక పొరలా కనిపించినా అందులో ఉన్నవి రెండు. పై పొర నిండా సెన్సర్లు. వేళ్లు ఎంత గట్టిగా నొక్కుతున్నాయి, మణికట్టు ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత ఆవిరి తగిలితే చెయ్యి వెనక్కి వస్తోంది, గరిటెకి పదార్థం ఎంత అడ్డుపడుతోంది, ఇవన్నీ అవి గమనిస్తాయి. లోపలి పొరలో వెంట్రుక కన్నా సన్నటి తీగలు. అవి కండరాలను లాగవు, సున్నితంగా నెడతాయి. పలక మీద అక్షరాలు దిద్దించేటప్పుడు పెద్దవాళ్లు మన గుప్పిటను తమ గుప్పిటలో పెట్టుకునేవాళ్లు. బలపం కదిలించేది వాళ్లే అయినా రాసింది మనమే అనిపించేది. హస్తవాసి చేసేదీ అంతే. ముందు ఒకరు తొడుక్కుని కొన్ని నెలలు వండుకుంటారు. ఆ రికార్డింగును ఇంకొకరి తొడుగులో పెడితే, మొదటివాళ్ల చెయ్యి రెండోవాళ్ల చేతిని నడిపిస్తుంది. ఆ యంత్రానికి ఉప్మా అంటే ఏమిటో తెలియదు. ఉప్పు అంటే తెలియదు. దానికి తెలిసిందల్లా చెయ్యి ఎప్పుడు ఏం చేస్తుందన్నదే.

ఇది విద్యాధర్ దాకా ఎలా వచ్చిందంటే, అతని వంట మూలంగానే వచ్చింది.

కాకినాడలో సముద్రం ముందుకు జరిగిన తర్వాత తీరం పొడవునా గేట్లు కట్టారు. పోటుకి మూసి, ఆటుకి తెరిచే ఆ గేట్ల కంట్రోల్ రూమ్‌లో విద్యాధర్ ఇంజనీరు. అక్కడ అంకెలు అతను చెప్పినట్టు వింటాయి. నలభై దాటాక అతనికి వంట మీద మనసు పోయింది. ఎవరూ అడగలేదు, అవసరమూ లేదు. భార్య మంజీర లెక్కల టీచరు. ఆమె వంట ఆమె చేసుకుంటుంది, తీరిక లేని రోజు పై నుంచి నీలవేణి కూరో పులుసో పంపిస్తుంది. అయినా సెలవు వస్తే చాలు విద్యాధర్ స్టవ్వు ముందుకి చేరేవాడు. మొదలుపెట్టింది తేలికైన వాటితోనే. ఉప్మా ఉండలు కట్టింది. చేగోడీలు నూనెలో పేలి గోడంతా మరకలయ్యాయి. సేమ్యా పాయసం గిన్నెలోంచి ముద్దగా ఊడి వచ్చింది. సున్నుండలైతే పళ్లెంలో పెట్టిన కాసేపటికి ఒక్కొక్కటీ నిట్టూర్చినట్టు విడిపోయి మళ్లీ పిండైపోయాయి.

అతన్ని బాధించింది పాడవడం కాదు, ఎందుకు పాడవుతున్నాయో తెలియకపోవడం. నీలవేణి దగ్గర కూర్చుని అన్నీ తూకం వేసి రాసుకొచ్చాడు. అదే మినప్పప్పు, అదే నెయ్యి, చివరికి ఆవిడ బాణలే తెచ్చుకున్నాడు. ఆవిడకి ఉండ కట్టేది, ఇతనికి కట్టేది కాదు.

“ఇందులో ఏముంది విద్యా, చూసుకుని చెయ్యడమే,” అనేది నీలవేణి.

“ఏం చూసుకోవాలి వదినా?”

ఆవిడ తన అరచెయ్యి వంక చూసుకునేది. “ఏమో. చేతికి తెలుస్తుంది.”

చుట్టాలందరూ అదే మాట. నీలవేణి చెయ్యి అలాంటిది, ఆ చేత్తో పచ్చి నీళ్లు ఇచ్చినా బాగుంటాయి అనేవాళ్లు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆవిడ ఎవరితోనూ కలవలేకపోయిందట. మాటకారి కాదు, చదువు మధ్యలో ఆగింది. ఒక పండక్కి ఆవిడ కలిపిన పులిహోరతో ఇల్లంతా ఆవిడ చుట్టూ చేరింది. అప్పటినుంచీ ఆ కుటుంబంలో ఆవిడ స్థానం ఆ చెయ్యే. కానీ ఇంజనీరుకి చేతికి తెలుస్తుందన్న మాట మింగుడుపడలేదు. అందుకే వంట బాగా వచ్చినవాళ్లొకరు, ఎంత ప్రయత్నించినా రానివాళ్లొకరు ఒకే ఇంట్లో ఉన్న జంటలు కావాలని కెజియా ల్యాబ్ ప్రకటిస్తే, అతను ఆ రోజే తన పేరూ వదిన పేరూ ఇచ్చాడు. ముందు కొన్ని నెలలు నీలవేణి తొడుగు వేసుకుని వండింది.

ఆ ఉదయం ఉప్మా అయ్యింది. విద్యాధర్ దాన్ని పళ్లెంలో పెట్టి మంజీర ముందుంచాడు. ఏం చెప్పలేదు. ఆమె పేపర్లు దిద్దుకుంటూ ఓ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద పెట్టుకుంది. కలం పక్కన పెట్టేసింది.

“అక్క పంపించారా?”

“నేనే చేశాను.”

మంజీర కెజియా వైపు చూసింది. కెజియా తల ఊపింది. మంజీర మళ్లీ పళ్లెం వైపు చూసి, “బాగుంది,” అంది మెల్లగా. మెచ్చుకోవలసింది ఎవరినో తేల్చుకోలేని గొంతు అది.

విద్యాధర్ పరిస్థితీ అంతే. తర్వాతి వారాల్లో అతను చేసినవన్నీ కుదిరాయి. చేగోడీలు కరకరలాడాయి, సున్నుండలు గుండ్రంగా నిలబడ్డాయి. వండుతున్నంతసేపూ అతను ఎదురుచూసే ప్రేక్షకుడిలా ఉండేవాడు. ఒకసారి కెజియాని అడిగాడు కూడా. “ఇది నేను నేర్చుకుంటున్నట్టా, లేకపోతే మా వదిన నన్ను వాడుకుని వండుతున్నట్టా?”

“నాకూ సరిగ్గా తెలీదండీ,” అంది కెజియా. “అది తెలుసుకోవాలనే ఈ ప్రయోగం.”

ఒక విషయం మాత్రం అతనికి అంతుబట్టలేదు. పులిహోర కలిపే ప్రతిసారీ తన వేళ్లు అన్నంలో పచ్చిమిరపకాయలను వెతికేవి. ఒక్కొక్కదాన్నీ తడిమి, పళ్లెం అంచుకి ఓ పక్కగా నెట్టేవి. ఇది రుచి కోసమా? మిరపకాయ తీసేస్తే రుచికేం లాభం? నీలవేణిని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది.

“నేనలా చేస్తానా?”

కాసేపటికి తనకే తట్టింది. “మీ అన్నయ్యకి. ఆయన మాట్లాడకుండా తింటారు కదా, చూసుకోరు. ఓసారి కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అప్పట్నుంచి ఏరేస్తున్నట్టున్నాను.” తర్వాత కొంచెం సిగ్గుపడింది. “ఇవన్నీ కూడా రికార్డవుతాయా?”

గిరిధర్, అంటే విద్యాధర్ అన్నయ్య, పోర్టులో, ఓడలకి దారి చూపేవాళ్లను తీసుకెళ్లే పైలట్ బోటు నడిపేవాడు. రోజంతా సముద్రం మీద ఉండి వచ్చే మనిషి, ఇంట్లో మాట తక్కువ. భోజనం చేసి లేచేటప్పుడు “బాగుంది” అనేవాడు. వాళ్ల కాపురంలో సంభాషణ చాలావరకు ఆ ఒక్క మాటే. నీలవేణికి అది చాలేది. ఆయనకి తన వంట తెలుసు, ఎక్కడున్నా గుర్తుపడతారని ఆవిడ నమ్మకం. అందుకే ఏ వంట ఎవరిదో గుర్తుపట్టే అసలు పరీక్షకి రుచి చూడటానికి గిరిధర్‌నే పిలుద్దామని కెజియా అంటే, ఆవిడ నవ్వి, “ఆయనకి ఇది పరీక్షే కాదమ్మా,” అంది.

పరీక్ష విద్యాధర్ ఇంట్లోనే జరిగింది. పై ఇంట్లో నీలవేణి, కింద తొడుగుతో విద్యాధర్, ఒకే సరుకులతో పులిహోర, సున్నుండలు చేశారు. ఒకేలాంటి పళ్లేలు నాలుగు బల్ల మీదికి వచ్చాయి. ఏది ఎవరిదో కెజియాకి తప్ప ఎవరికీ తెలియదు. నీలవేణి పక్క కుర్చీలో కూర్చుని కొంగు అంచు సర్దుకుంటోంది.

గిరిధర్ తొందరపడలేదు. మొదటి పులిహోర తిన్నాడు. నీళ్లు తాగాడు. రెండోది తిన్నాడు. సున్నుండలు రెండూ కొంచెం కొంచెం తుంచుకున్నాడు. తర్వాత ఎడమవైపు పళ్లేలు రెండూ తన ముందుకి లాక్కున్నాడు.

“ఇవి వేణివి.”

“బాగా ఆలోచించి చెప్తున్నారా అండీ?” అంది కెజియా.

“ఆలోచించడానికేముంది. రోజూ తినేదే కదా.”

కెజియా టాబ్లెట్ చూసింది.  “అవి విద్యాధర్ గారు చేసినవి.”

 గిరిధర్ పళ్లెం వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. నీలవేణి ముఖంలో కోపం లేదు. మెట్లు దిగుతూ అడుగు వేసినచోట మెట్టు లేకపోతే మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

“మరి అవి?” అన్నాడు గిరిధర్ కుడివైపు పళ్లేలు చూపించి. “అవి కూడా బాగున్నాయి. కానీ ఎవరో బాగా కష్టపడి చేసినట్టున్నాయి.”

“నేనే కష్టపడ్డాను,” అంది నీలవేణి.

కెజియా అప్పుడు తనకి అర్థమైనంతవరకు వివరించింది. రికార్డింగులో ఉన్నది నెలల తరబడి రోజువారీ చెయ్యి. టీవీ వింటూ, ఏదో ఆలోచించుకుంటూ, అలవాటుగా కదిలిన చెయ్యి. ఇవాళ ఆవిడ పరీక్ష అనుకుని చేశారు. నెయ్యి ఒక చుక్క ఎక్కువ పడింది, ఉండ ఇంకాస్త గట్టిగా నొక్కారు, పోపు మీద చూపు పెట్టారు. “గిరిధర్ గారు తప్పు చెప్పలేదండీ. ఆయనకి అలవాటైన మీరు ఆ తొడుగులో ఉన్నారు. ఇవాళ ఇక్కడున్నది వేరే మీరు.”

“అంటే నాలా నేను చెయ్యలేకపోయాననా?” అంది నీలవేణి.

కెజియా బల్ల మీది పళ్లేలు తీయడం మొదలుపెట్టింది. 

ఆ సాయంత్రం విద్యాధర్ తొడుగు తీసి పెట్టెలో పెట్టి కెజియాకి ఇచ్చేశాడు. ప్రయోగం అయిపోయింది కాబట్టి అని చెప్పాడు. వదిన ముందు ఆ చెయ్యి వేసుకుని తిరగలేకపోవడం అసలు కారణం.

కెజియా నీలవేణి దగ్గరికి మరోసారి వచ్చింది. ల్యాబ్ ఈ రికార్డింగును అందరికీ అందుబాటులోకి తేవాలనుకుంటోందని, ఆవిడ సరేనంటేనే అని చెప్పింది. వద్దంటే అక్కడితో ఆగిపోతుందని కూడా చెప్పింది. నీలవేణి కుండీలో ఎండుటాకు ఒకటి తుంచి పారేసింది.

“ఇచ్చెయ్యండమ్మా. ఆయనకే తేడా తెలియనప్పుడు నా దగ్గర దాచుకుని ఏం చేస్తాను? ఎక్కడో ఎవరింట్లోనో పిల్లలు వంక పెట్టకుండా తింటారు కదా.”

అలా నీలవేణి చెయ్యి ఊరి మీద పడింది.

మొదటి నెలలు పండగలా గడిచాయి. హాస్టళ్లలో పిల్లలు పళ్లెం ఖాళీ చేసి లేచారు. ఆసుపత్రి క్యాంటీన్ ముందు రోగుల కన్నా రోగిని చూడటానికి వచ్చినవాళ్ల వరుస పెద్దదైంది. కొత్తగా పెళ్లైనవాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు, బాణలి ఎప్పుడూ ముట్టుకోనివాళ్లు తొడుగు వేసుకుని గారెలు వండి వీధిలో పంచారు. కాకినాడ తర్వాత సామర్లకోట, పిఠాపురం, అక్కడినుంచి తుని. రుచిలేని తిండి అన్నది ఆ చుట్టుపక్కల కనిపించకుండా పోయింది.

పులిహోర పళ్లెం అంచున పచ్చిమిరపకాయలు వరుసగా పేర్చడం కూడా అన్నిచోట్లా కనిపించసాగింది. హోటల్లో, పెళ్లిలో, గుడి దగ్గర. తొడుగు వేసుకున్న వేలమందిలో ఒక్కరికీ అదెందుకో తెలియదు. చెయ్యి అలా చేస్తుంది కాబట్టి చేశారు. ఇది గోదావరి జిల్లాల పాత ఆచారమని ఒక పత్రికలో వ్యాసం కూడా వచ్చింది. మంజీర అది గిరిధర్‌కి చదివి వినిపిస్తే ఆయన చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టి, లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

చిక్కు అంతా నీలవేణికి వచ్చింది. ఒక గృహప్రవేశానికి ఆవిడ స్వయంగా బూరెలు చేసి పట్టుకెళ్లింది. ఆ ఇంటావిడ ఒకటి తిని, “బాగా వచ్చాయండీ. మీదీ హస్తవాసేనా?” అంది.

“కాదు, నా చేత్తో చేశాను.”

“అదే, మా ఇంట్లో కూడా అదే వాడతాం,” అందావిడ ఆప్యాయంగా, బూరె పళ్లెం మిగతా బూరెల పక్కన పెట్టేస్తూ. పక్కన ఉన్నవి కూడా అచ్చం అలాగే ఉన్నాయి.

నీలవేణి ఇంటికొచ్చి ఆలోచించింది. తన వంట ఇప్పుడు బాగాలేదా అంటే, అలా అనడానికి వీల్లేదు. అప్పుడెంత బాగుండేదో ఇప్పుడూ అంతే. అయినా చుట్టాలింటికి వెళ్తే ఎవరూ వంటింట్లోకి రమ్మనడం లేదు. వీధి పిల్లలు ఆవిడ ఇచ్చిన జంతికలు తింటూ ఆటలో పడి సగం పారేసుకుంటున్నారు. ఏదో ఒకటి మార్చాలనుకుంది. ఉప్మాలో నీళ్లు ఎక్కువ పోద్దామని గిన్నె ఎత్తింది. చెయ్యి తనంతట తానే సరిగ్గా ఆగవలసినచోట ఆగింది. కళ్లు మూసుకుని ఉప్పు వేసింది. సరిపోయింది. ఎంత ప్రయత్నించినా చెడగొట్టడం ఆవిడకి చేతకాలేదు.

ఈలోగా గిరిధర్ భోజనం తగ్గింది. “బాగుంది” అనేవాడు, కానీ సగంలోనే లేచేవాడు. సాయంత్రాలు నడకకని వెళ్లి ఆలస్యంగా వచ్చేవాడు. వయసుతో ఆకలి తగ్గిందేమో అనుకుందావిడ. ఒకరోజు కరివేపాకు అయిపోయి, మంజీరని అడుగుదామని కింది అంతస్తుకి వచ్చింది. తలుపు తీసే ఉంది.

లోపల బల్ల ముందు గిరిధర్ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా విద్యాధర్. మధ్యలో ఒక పళ్లెం, అందులో నల్లటి అంచులతో ఏదో అట్టులాంటిది. పక్కన బెల్లం రంగులో సాగుతున్న ఒక ముద్ద. తొడుగు ఇచ్చేసిన తర్వాత విద్యాధర్ మళ్లీ తన సొంత వంట మొదలుపెట్టాడు. అతని సొంత చేత్తో అది ఎప్పుడూ ఎలా వచ్చేదో అలాగే వస్తోంది. గిరిధర్ ఆ ముద్దని చెంచాతో తవ్వి నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. శ్రద్ధగా నములుతున్నాడు.

నీలవేణిని చూసి ఇద్దరూ ఆగిపోయారు.

“నడకకి వెళ్లారనుకున్నాను,” అందావిడ.

“ఇక్కడికే నడిచొచ్చాను,” అన్నాడు గిరిధర్.

విద్యాధర్ లేచాడు. “కూర్చోండి వదినా. కేసరి చేద్దామనుకున్నాను, పాకం ముదిరింది. అన్నయ్యని బలవంతం చెయ్యలేదు, ఈమధ్య తనే వస్తున్నాడు. మీకు చెప్పాలనుకున్నాను, ఎలా చెప్పాలో...”

నీలవేణి అతన్ని వినిపించుకోలేదు. భర్తనే చూస్తోంది. “అది బాగుందా?”

“లేదు,” అన్నాడు గిరిధర్ వెంటనే.

“మరెందుకు తింటున్నారు?”

గిరిధర్‌కి మాటలు వెతుక్కోవడం అలవాటు లేదు. చెంచాని పళ్లెంలో అటూ ఇటూ కదిపాడు. “పోర్టు క్యాంటీన్‌లో నీ వంటే. పెళ్లికెళ్తే నీ వంటే. తునిలో స్టేషన్ బయట బండి దగ్గర తిన్నాను, అదీ నీ వంటే. ఎవడో కుర్రాడు మిరపకాయలు ఏరి పెట్టాడు. నాకు తినాలనిపించలేదు. అతను నాకెందుకు ఏరాలి? నువ్వు కదా ఏరేది. ఇంటికొస్తే నువ్వూ ఏరి పెట్టావు. అప్పుడు అది నువ్వు నాకోసం చేసినట్టో, అందరూ చేసినట్టు చేసినట్టో తెలియలేదు. ఇక్కడైతే...” విద్యాధర్ వైపు చూశాడు. “వీడు ఇవాళ ఏం చేస్తాడో, ఎలా వస్తుందో వీడికే తెలీదు. నోట్లో పెట్టుకునేదాకా తెలీదు.”

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన అంతసేపు మాట్లాడగా నీలవేణి వినలేదు. ఆ మాటల్లో తన మీద ఉన్నది ప్రేమో ఫిర్యాదో ఆవిడకి తేలలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. కేసరి ముద్ద కొంచెం తీసి నోట్లో పెట్టుకుంది. పంటికి అంటుకుంది. “యాలకులు మరిచిపోయావు విద్యా,” అంది.

“వేశాను వదినా. మీకు తగల్లేదా?”

“లేదు.” ఇంకొంచెం తీసుకుని చూసింది. నిజంగానే తగల్లేదు. ఎలా తగలకుండా పోయిందో కూడా ఆవిడకి అర్థం కాలేదు.

మరుసటి వారం కెజియాని పిలిపించింది నీలవేణే.

“మా విద్య చెయ్యి రికార్డు చేసి నాకు వెయ్యండి.”

కెజియా తను సరిగ్గా విన్నానో లేదో అన్నట్టు చూసింది. “ఆయన చెయ్యా? అమ్మా, ఆయన...” విద్యాధర్ పక్కనే ఉన్నాడని ఆగింది.

“పరవాలేదు చెప్పండి,” అన్నాడు విద్యాధర్. “నాకు తెలుసు.”

“పాడయ్యే చేతిని రికార్డు చెయ్యమని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎక్కువకాలం వేసుకుంటే అసలు చెయ్యి కూడా నెమ్మదిగా మారిపోవచ్చు. మీ చెయ్యి మళ్లీ మీకు రాకపోవచ్చు.”

“నా చెయ్యి ఊళ్లో ఎవరినడిగినా ఇస్తారు,” అంది నీలవేణి. “ఎక్కడికీ పోదు.”

విద్యాధర్‌కి నవ్వాలో నొచ్చుకోవాలో తెలియలేదు. ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. ఈ రికార్డింగు ఈ మెట్లు దాటి బయటికి పోకూడదు. కెజియా అలాగేనంది. ఆ మాట అంటూ తన ల్యాబ్‌కి ఈ మధ్య వస్తున్న ఉత్తరాల గురించి చెప్పింది. తిండి అంతా బాగుంది కానీ తినబుద్ధి కావడం లేదు, దీనికి తొడుగులో ఏమైనా సర్దుబాటు ఉందా అని జనం అడుగుతున్నారట.  “రుచి బాగుండటం, తినాలనిపించడం ఒకటే అనుకున్నానండీ నేను,” అంది. “అందరూ అలాగే అనుకుంటారు కదా?” ఆ ప్రశ్న ఎవరినీ అడిగినట్టు లేదు.

రికార్డింగు పూర్తయ్యాక ఒక ఆదివారం పై అంతస్తు వంటింట్లో నీలవేణి తొడుగు వేసుకుని స్టవ్వు ముందు నిలబడింది. రవ్వ, పాలు, పంచదార, నెయ్యి పక్కన పెట్టుకుంది. కెజియా, విద్యాధర్ గుమ్మంలో నిలబడ్డారు.

మొదట్లో రెండు చేతులు కొట్టుకున్నాయి. ఒకటి తొడుగు లోపలి తన చెయ్యి, ఇంకొకటి తొడుగులోని విద్యాధర్ చెయ్యి. రవ్వ పోస్తూ చెయ్యి మధ్యలో ఎటో చూస్తున్నట్టు ఆగిపోయింది. అంతా ఒకేచోట పడింది. “ఉండ కట్టేస్తుంది, తిప్పనివ్వండి,” అంది నీలవేణి, గరిటెను లాగబోతూ. తొడుగు గరిటెను అక్కడే పట్టి ఉంచింది.

“చెయ్యి వదిలెయ్యండమ్మా,” అంది కెజియా. “దానికి అడ్డం పడకండి.”

“మాడుతోంది.”

“మాడనివ్వండి.”

విద్యాధర్ తన తప్పులన్నీ ఒక్కొక్కటిగా వదిన చేతిలో జరుగుతుంటే చూశాడు. తను చేసేటప్పుడు అవి అతనికి ఎప్పుడూ కనిపించలేదు. ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ భయపడి వెనక్కి తగ్గాడో స్పష్టంగా తెలుస్తోంది. ఇక మీదట వాటిని దిద్దుకోవాలా వద్దా అన్నది మాత్రం తెలియడం లేదు. నీలవేణి పెదవి బిగబట్టుకుని నిలబడింది. కాసేపటికి భుజం వదులైంది. గరిటె తనకిష్టమొచ్చినట్టు తిరిగింది. నెయ్యి అటు ఎక్కువా ఇటు తక్కువా పడింది.

బల్ల దగ్గర గిరిధర్ ఎదురుచూస్తున్నాడు. నీలవేణి తొడుగు తీసి, గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. ఉండలుండలుగా ఉన్న ఆ కేసరిని గిరిధర్ చెంచాతో ఒకసారి కదిపి చూశాడు. తిన్నాడు. నమలడానికి సమయం పట్టింది.

“ఎలా ఉంది?” అంది నీలవేణి. ఇంతకాలంలో ఆ మాట ఆవిడ అడగవలసిన పనే పడలేదు.

“పంచదార కరగలేదు. అడుగంటింది.” ఇంకో చెంచా తీసుకున్నాడు. “ఇదిగో, ఈ ముక్క మాత్రం బాగానే ఉంది. ఇక్కడెలా కుదిరింది?”

“నాకేం తెలుసు,” అంది నీలవేణి.

ఆయన గిన్నెలో వెతుక్కుంటూ తిన్నాడు. కొన్నిచోట్ల ముఖం చిట్లించాడు, కొన్నిచోట్ల ఆగి మళ్లీ అక్కడే తీసుకున్నాడు. మధ్యలో మంచినీళ్లు అడిగాడు. గుమ్మంలో కెజియా టాబ్లెట్‌లో ఏదో రాయబోయి, ఏ మాట రాయాలో తోచక మూసేసింది.

గిన్నె సగానికి పైగా ఖాళీ అయింది. గిరిధర్ చెంచా పక్కన పెట్టాడు. నీలవేణి చూపు ఆయన పెదవుల మీదే ఉంది. ఆయన “బాగుంది” అనలేదు.

“రేపేం చేస్తావు?” అన్నాడు.

ఆవిడ నోరు తెరిచింది. రేపు ఏం చెయ్యాలో, ఏ చేత్తో చెయ్యాలో, అది ఎలా వస్తుందో ఏదీ తెలియలేదు. కళ్లలో నీళ్లు ఎందుకు తిరుగుతున్నాయో కూడా తెలియలేదు.

“ఇంకా అనుకోలేదు,” అంది నీలవేణి. ఆయన ఎదుట కుర్చీ లాక్కుని, మిగిలిన కేసరిని తన వైపు జరుపుకుంది.